‘మోర్ బెటర్’ అస్సలు బెటర్ కాదు!

మీ ప్రాజెక్టులో కొత్తదనం ఏంటని అడుగుతారు. జావా ఇష్టమా, పైథాన్ ఇష్టమా అంటారు. కర్నూలు వదిలి బెంగళూరు ఎందుకు రావాలనుకుంటున్నారని ఆరా తీస్తారు. ఇంతమందిలో మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలని చివర్లో ఒక బాణం వేస్తారు. గమనించారా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు పోలికే. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి చెప్పకుండా ఇంటర్వ్యూ గది దాటి రాలేం. సరిగ్గా అక్కడే మన ఇంగ్లిష్ తడబడుతుంది.

నా సంగతే చెప్తాను. ఫైనలియర్‌లో క్యాంపస్ డ్రైవ్. మా టీమ్ చేసిన ప్రాజెక్టు, పొలంలోని బోరు మోటారును ఇంటి నుంచే ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే పరికరం. రాత్రిపూట కరెంటు వచ్చిందని చేనికి పరిగెత్తే రైతులను చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి ఆ ఆలోచన వచ్చింది. ప్యానెల్‌లో ఒకాయన ‘ఇలాంటివి మార్కెట్లో ఇప్పటికే ఉన్నాయి కదా, మీదాంట్లో ప్రత్యేకత ఏంటి?’ అని ఇంగ్లిష్‌లో అడిగారు. నేను ధీమాగా ‘అవర్ సిస్టమ్ ఈజ్ మోర్ బెటర్ కంపేర్ టు మార్కెట్’ అన్నాను. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. ‘బెటర్ దేన్ వాట్? ఇన్ వాట్ వే?’ అని మాత్రం అడిగారు.

అంతే, నోరు పెగల్లేదు. జవాబు తెలియక కాదు. మా పరికరం ఖర్చు మార్కెట్లో దొరికేదాంట్లో సగం. విడిభాగాలు కూడా తక్కువ. ఇవన్నీ తెలుసు. కానీ వాటిని ఇంగ్లిష్‌లో పోలికగా ఎలా పేర్చాలో తెలియలేదు.

ఆ ఉద్యోగం ఆ ఒక్క వాక్యం వల్లే పోయిందని చెప్పను. మిగతా రౌండ్లలోనూ నేనేం పొడిచేయలేదు. కానీ ఆరు నెలలు పడిన కష్టం ఒక్క వాక్యం రాక చేతిలోనే ఆగిపోయింది. ఆ బాధ మీకు వద్దనే ఇది రాస్తున్నా.

భారమంతా ‘కంటే’ మీదే

తెలుగులో పోలిక ఎంత సులువో చూడండి. ‘కర్నూలు వేడి.’ ‘బెంగళూరు కంటే కర్నూలు వేడి.’ ‘అన్ని ఊళ్ల కంటే కర్నూలు వేడి.’ మూడు వాక్యాల్లోనూ ‘వేడి’ అనే మాటలో ఒక్క అక్షరం మారలేదు. భారమంతా ‘కంటే’ మోసింది.

ఇంగ్లిష్‌లో అలా కుదరదు. అక్కడ ఆ పనిని పంచుకుంటారు. ముందు మాట రూపం మారాలి. హాట్ కాస్తా హాటర్ అవ్వాలి. ఆ తర్వాత దేన్ రావాలి. అందరిలోకీ పైన ఉన్నదాన్ని చెప్పాలంటే ముందు ‘ద’ చేర్చి ‘ద హాటెస్ట్’ అనాలి. పైగా దేన్‌కు అటూ ఇటూ ఉన్నవి ఒకే రకం వస్తువులై ఉండాలి.

మనం చేసేదేంటంటే, ‘కంటే’ను ‘దేన్’గా మార్చేసి పని అయిపోయిందనుకుంటాం. ‘కర్నూలు ఈజ్ హాట్ దేన్ బెంగళూరు’ అలా పుట్టిందే. లేదా ‘ఎక్కువ వేడి’ని ఉన్నదున్నట్టు దింపేసి ‘మోర్ హాట్’ అంటాం. ఇంకాస్త జాగ్రత్తపడి ‘మోర్ హాటర్’ అంటాం. పోలికల్లో మనవాళ్లు చేసే తప్పులు చాలావరకు ఈ ఒక్క అలవాటులోంచే వస్తాయి. ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు, ఒక భాష నడకను ఇంకో భాషకు తొడగడమే.

ఈ కష్టం మనకొక్కరికే కాదు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సీపీ బ్రౌన్ మనకు ఎదురుదిక్కులో నడిచారు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వచ్చారు. పండితులను పెట్టుకుని మరీ మన భాష నడకను పట్టుకున్నారు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చు వేయించారు. కడపలో ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. పరాయి భాషవాడు ఇక్కడికొచ్చి అంత పని చేయగలిగినప్పుడు, ‘కంటే’కూ ‘దేన్’కూ ఉన్న తేడా మనకు కొరకరాని కొయ్య కాదు.

ఈఆర్ ఎక్కడ? మోర్ ఎక్కడ?

గుర్తుపెట్టుకోవడానికి ఒక చిన్న కొలత ఉంది. ఒకే ఊపులో పలికే చిన్న మాటలకు చివర ఈఆర్ చేరుతుంది. చీప్-చీపర్, ఫాస్ట్-ఫాస్టర్, లో-లోయర్. రెండు ఊపుల్లో పలుకుతూ చివర ‘వై’ అక్షరం ఉంటే అది ‘ఐ’గా మారి ఈఆర్ వస్తుంది. ఈజీ-ఈజియర్, హెవీ-హెవియర్. మూడు ఊపులు, అంతకు మించి ఉన్న పెద్ద మాటలకు ముందు మోర్ పెడతాం. మోర్ ఎక్స్‌పెన్సివ్, మోర్ రిలయబుల్, మోర్ ఎఫిషియంట్. రెండు ఊపుల మాటల్లో కొన్నింటికి రెండు రూపాలూ చెల్లుతాయి. అనుమానం వస్తే డిక్షనరీ చూడండి.

గుడ్, బ్యాడ్ మాత్రం ఈ లెక్కకు లొంగవు. అవి బెటర్, వర్స్ అయిపోతాయి. మోర్ అనే అర్థం బెటర్‌లోనే ఉంది కాబట్టి ‘మోర్ బెటర్’ అంటే ‘గేటు ద్వారం’ అన్నట్టే. షేక్‌స్పియర్ నాటకాల్లో ఇలాంటి జంట రూపాలు కనిపిస్తాయి. ఆ కాలంలో అది తప్పు కాదు. ఇప్పటి పరీక్ష పేపర్లో మాత్రం తప్పే.

ఇంకోటి, ‘చాలా మెరుగు’ అనబోయి ‘వెరీ బెటర్’ అంటుంటాం. గుడ్ ముందు వెరీ సరే. బెటర్ ముందు మాత్రం మచ్ లేదా ఫార్ రావాలి. ‘మచ్ బెటర్’, ‘ఫార్ చీపర్’. కొంచెమే తేడా ఉంటే ‘ఎ లిటిల్ ఫాస్టర్’, ‘స్లైట్‌లీ హెవియర్’. ఈ చిన్న మాటలు మీ జవాబుకు నిజాయితీ తెస్తాయి. ఎంత తేడా ఉందో అంతే చెప్తున్నారని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

ఇది టైప్ ఎర్రర్!

5, ‘కర్నూలు’... ఈ రెండింట్లో ఏది పెద్దదని పైథాన్‌ను అడగండి. ఒకటి అంకె, ఇంకోటి అక్షరాలు, పోల్చడం కుదరదంటూ టైప్ ఎర్రర్ చూపిస్తుంది. ఇంగ్లిష్ వ్యాకరణం కూడా అచ్చం అలాగే పట్టుబడుతుంది.

‘ద శాలరీస్ ఇన్ కర్నూలు ఆర్ లోయర్ దేన్ హైదరాబాద్.’ ఇందులో తప్పేంటి? హాటర్, లోయర్ అన్నీ సరిగానే పెట్టాం కదా అనిపిస్తుంది. కానీ దేన్‌కు ఎడమవైపు జీతాలున్నాయి, కుడివైపు ఊరు ఉంది. జీతాన్ని ఊరితో పోల్చేశాం. తెలుగులో ‘కర్నూలు జీతాలు హైదరాబాద్ కంటే తక్కువ’ అంటే ఎవరూ అడ్డు చెప్పరు, వినేవాళ్లే మిగతాది పూరించుకుంటారు. ఇంగ్లిష్‌లో ఆ ఖాళీ మనమే పూరించాలి. ‘...ఆర్ లోయర్ దేన్ దోజ్ ఇన్ హైదరాబాద్.’ ఆ దోజ్ అనే చిన్న మాటే జీతాలకు బదులు నిలబడింది.

ఒకటే అయితే ‘దట్ ఆఫ్’, ఎక్కువైతే ‘దోజ్ ఆఫ్’ లేదా ‘దోజ్ ఇన్’. ‘ద క్లైమేట్ ఆఫ్ బెంగళూరు ఈజ్ మైల్డర్ దేన్ దట్ ఆఫ్ కర్నూలు.’ ఇంకా తేలిక దారి కూడా ఉంది. ‘బెంగళూరుస్ సమ్మర్ ఈజ్ మైల్డర్ దేన్ కర్నూలుస్.’ ఆ చివరి అపాస్ట్రఫీ ఎస్ వదిలేస్తే మళ్లీ టైప్ ఎర్రరే.

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షల్లో తప్పు కనిపెట్టమని ఇచ్చే వాక్యాల్లో దీన్ని బాగా దాస్తుంటారు. దేన్ కనపడగానే ఆగి, అటూ ఇటూ ఏముందో చూడండి. ఒక మార్కు మీదే.

తనకంటే తనే పెద్దా?

‘పైథాన్ ఈజ్ ఈజియర్ దేన్ ఎనీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్.’ ప్రోగ్రామింగ్ భాషల్లో పైథాన్ కూడా ఒకటే కదా! అంటే పైథాన్ తనకంటే తనే తేలిక అన్నట్టు అయింది. ‘ఎనీ అదర్’ అనాలి. అదర్ అనే మాట పైథాన్‌ను ఆ గుంపులోంచి పక్కకు తీసి నిలబెడుతుంది. అది ఈజియరా కాదా అన్న గొడవ మీరూ మీ ఫ్రెండ్సూ తేల్చుకోండి, వ్యాకరణం మాత్రం ఇదే.

గుంపులో ఒకటని చెప్పేటప్పుడు ఇంకో జారుడు మెట్టు ఉంది. ‘బెలూం ఈజ్ వన్ ఆఫ్ ద లాంగెస్ట్ కేవ్ ఇన్ ఇండియా’ అంటాం. 3,229 మీటర్ల పొడవున్న బెలూం గుహలకు ఆ గౌరవం సరిపోతుంది కానీ వాక్యానికి సరిపోలేదు. చాలావాటిలో ఒకటి కాబట్టి ‘కేవ్స్’ అనాలి. ‘వన్ ఆఫ్ ద’ తర్వాత ఎప్పుడూ బహువచనమే.

రెండే ఉన్నప్పుడు బెస్ట్ పనికిరాదు. చేతిలో రెండు ఆఫర్లుంటే ‘దిస్ ఈజ్ ద బెటర్ ఆఫ్ ద టూ’. మూడోది వస్తే అప్పుడు బెస్ట్. ఆ ఇబ్బంది మీకు త్వరగా రావాలని కోరుకుంటున్నా!

సీనియర్ దేన్ కాదు, సీనియర్ టు

కాలేజీలో రోజూ వాడే మాటే ఇది. ‘హి ఈజ్ టూ ఇయర్స్ సీనియర్ దేన్ మీ’ అంటాం. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అనేవి లాటిన్ నుంచి వచ్చిన మాటలు. వాటిలోనే పోలిక ఉంది. వాటి పక్కన దేన్ రాదు, టు వస్తుంది. ‘హి ఈజ్ టూ ఇయర్స్ సీనియర్ టు మీ.’

ప్రిఫర్ కూడా ఈ కుటుంబంలోదే అనుకోండి. ‘ఐ ప్రిఫర్ కోడింగ్ టు టెస్టింగ్.’ ఇందులో దేన్ లేదు, మోర్ కూడా లేదు. ‘ఐ మోర్ ప్రిఫర్’ అనకండి. ‘ఇది నాకు ఎక్కువ ఇష్టం’ అనే అర్థం ప్రిఫర్‌లోనే ఉంది.

డిఫరెంట్‌కు ‘ఫ్రమ్’ వాడితే ఏ పరీక్షలోనూ ఇబ్బంది ఉండదు. ఇక నేను వాడిన ‘కంపేర్ టు’ సంగతి. వాక్యం మధ్యలో అది ‘కంపేర్డ్’ అవ్వాలి. ‘కంపేర్డ్ విత్ ద ఓల్డ్ వర్షన్, దిస్ ఈజ్ ఫాస్టర్.’ తేడాలు చూపేటప్పుడు విత్, ఫలానాదానిలా ఉందనేటప్పుడు టు అని పాత పుస్తకాలు చెప్తాయి. ఇప్పుడు కంపేర్డ్ పక్కన రెండూ నడుస్తున్నాయి. కంపేర్ చివరి ‘డి’ని మాత్రం మింగేయకండి.

సగం ధర, రెట్టింపు జీతం

అంకెలతో పోల్చేటప్పుడు మనం ‘డబుల్ దేన్’ అనేస్తాం. ఇక్కడ దేన్ బదులు ‘యాజ్... యాజ్’ జంట ఉంటుంది. తెలుగులో ‘అంత’ చేసే పని ఇదే. దానికంత బరువు అంటే ‘యాజ్ హెవీ యాజ్’. దానికి రెండింతల బరువంటే ‘ట్వైస్ యాజ్ హెవీ యాజ్’. సగం ఖర్చంటే ‘హాఫ్ యాజ్ మచ్ యాజ్’. జీతం రెట్టింపైతే ‘డబుల్ మై ఓల్డ్ శాలరీ’ లేదా ‘ట్వైస్ యాజ్ మచ్ యాజ్ మై ఓల్డ్ శాలరీ’.

‘తక్కువ’ అనే మాట దగ్గర కూడా తెలుగు ఒకటే, ఇంగ్లిష్ రెండు. లెక్కపెట్టగలిగితే ఫ్యూయర్, లెక్కపెట్టలేకపోతే లెస్. సమయం, డబ్బు, మెమరీ, కరెంటు... ఇవన్నీ లెస్. తప్పులు, విడిభాగాలు, బ్యాక్‌లాగ్స్... ఇవన్నీ ఫ్యూయర్. ‘ఐ హావ్ ఫ్యూయర్ బ్యాక్‌లాగ్స్ దేన్ మై రూమ్మేట్’ అనండి. అసలు లేకపోతే ఈ వాక్యంతోనే పని లేదు.

రూమ్మేట్ పేరు బదులు హి అంటే, చివర ‘దేన్ హి’నా, ‘దేన్ హిమ్’మా? మాటల్లో ‘దేన్ హిమ్’, ‘దేన్ మీ’ అందరూ అంటారు, తప్పులేదు. పరీక్షలో అయితే ‘దేన్ హి హాజ్’, ‘దేన్ ఐ డూ’ అని పూర్తిగా రాయండి. అర్థం తారుమారు కాకుండా కూడా అదే కాపాడుతుంది. ‘షీ లైక్స్ పైథాన్ మోర్ దేన్ మీ’ అన్నారనుకోండి. ఆమెకు మీకంటే పైథానే ఎక్కువ ఇష్టమని కూడా అర్థం వస్తుంది. ‘దేన్ ఐ డూ’ అంటే మీ గౌరవం దక్కుతుంది.

ఈమెయిల్ రాసేటప్పుడు ఒక అక్షరం చూసుకోండి. పోలికకు వాడే దేన్‌లో ‘ఏ’ ఉంటుంది. ‘ఆ తర్వాత’ అనే దెన్‌లో ‘ఈ’ ఉంటుంది. స్పెల్‌చెక్ దీన్ని పట్టుకుంటుందని నమ్మకం లేదు. ఎందుకంటే రెండూ సరైన మాటలే.

ఎంత... అంత

‘పిండి కొద్దీ రొట్టె’ అంటాం. ఎంత పెడితే అంత వస్తుందని. ఇలాంటిది ఇంగ్లిష్‌లో చెప్పాలంటే మనకు వెంటనే తోచేది ‘హౌ మచ్ యూ ప్రాక్టీస్, దట్ మచ్ యూ విల్ ఇంప్రూవ్’. ఇది తెలుగు వాక్యానికి ఇంగ్లిష్ చొక్కా వేయడమే. ఇంగ్లిష్‌వాళ్లు దీనికి రెండు ‘ద’లు వాడతారు. ‘ద మోర్ యూ ప్రాక్టీస్, ద బెటర్ యూ స్పీక్.’ ‘ద సూనర్, ద బెటర్.’ ప్రాజెక్టు గురించి చెప్పేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ‘ద డీపర్ ద బోర్‌వెల్, ద మోర్ పవర్ ద మోటార్ నీడ్స్.’ బోరు ఎంత లోతైతే మోటారుకు అంత కరెంటు కావాలి.

సామెతల జోలికి వెళ్లేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. రెండింటికీ పొంతనే లేదనడానికి మనకు నక్కకూ నాగలోకానికీ ఉన్న తేడా గుర్తొస్తుంది. దాన్ని మాటకు మాట దించితే ప్యానెల్‌కు నక్క ఎందుకొచ్చిందో అర్థం కాదు. ఇంగ్లిష్‌లో అలాంటి చోట ‘దే ఆర్ పోల్స్ అపార్ట్’ అంటారు. పోల్చకూడని రెండింటిని పోలుస్తుంటే ‘దట్స్ కంపేరింగ్ యాపిల్స్ అండ్ ఆరెంజెస్’ అంటారు. ఎవరికీ తీసిపోదంటే ‘సెకండ్ టు నన్’. గ్రూప్ డిస్కషన్‌లో వీటిలో ఒకటి, సందర్భం చూసి వాడితే చాలు. వరసగా గుప్పిస్తే బట్టీ పట్టినట్టు తెలిసిపోతుంది.

సరిచేసి చూడండి

కింది వాక్యాల్లో ఒక్కోదాంట్లో ఒక్కో తప్పుంది. జవాబులు చూడకుండా ప్రయత్నించండి.

1. దిస్ ఫోన్ ఈజ్ మోర్ చీపర్ దేన్ దట్ వన్.
2. ద పాపులేషన్ ఆఫ్ హైదరాబాద్ ఈజ్ లార్జర్ దేన్ కర్నూలు.
3. కొండారెడ్డి బురుజు ఈజ్ వన్ ఆఫ్ ద బెస్ట్-నోన్ ల్యాండ్‌మార్క్ ఇన్ కర్నూలు.
4. ఐ ప్రిఫర్ ట్రైన్స్ దేన్ బసెస్.
5. దేర్ వర్ లెస్ స్టూడెంట్స్ ఇన్ ద ల్యాబ్ టుడే.
6. హైదరాబాద్ ఈజ్ బిగ్గర్ దేన్ ఎనీ సిటీ ఇన్ తెలంగాణ.
7. దిస్ ల్యాప్‌టాప్ ఈజ్ వెరీ ఫాస్టర్ దేన్ మైన్.

జవాబులు: 1. మోర్ తీసేయాలి. 2. దేన్ దట్ ఆఫ్ కర్నూలు. 3. ల్యాండ్‌మార్క్స్. 4. ట్రైన్స్ టు బసెస్. 5. ఫ్యూయర్ స్టూడెంట్స్. 6. ఎనీ అదర్ సిటీ. 7. మచ్ ఫాస్టర్.

అయిదు దాటితే బాగున్నట్టే. మూడు లోపే వస్తే కంగారు పడకండి. ఒక వారం పాటు రోజూ చూసే వస్తువులను రెండేసి తీసుకుని గట్టిగా పోల్చండి. రెండు హోటళ్ల ఉగ్గాని, రెండు బస్సులు, రెండు ఫోన్లు. రూమ్‌లో నవ్వుతారు. నవ్వనివ్వండి.

చివరి బాణం

‘వై షుడ్ వి హైర్ యూ ఓవర్ ద అదర్స్?’ ఈ ప్రశ్నకు చాలామంది ‘ఐ యామ్ బెటర్ దేన్ ఆల్’ అంటారు. వ్యాకరణం పక్కన పెట్టండి, బయట కూర్చున్న మిగతావాళ్ల గురించి మీకేం తెలుసు? ఇంకొందరు ‘మాది చిన్న ఊరు, చిన్న కాలేజీ, హైదరాబాద్ వాళ్లంత రాదు’ అన్నట్టు ముడుచుకుపోతారు. అదీ తెలియని పోలికే. నేను రెండోరకం. నా మొదటి ఇంటర్వ్యూలన్నీ మనసులో ఆ పోలిక పెట్టుకునే వెళ్లాను.

మీకు పూర్తిగా తెలిసిన పోలిక ఒకటుంది. నిరుటి మీరు, ఇప్పటి మీరు. ‘ఐ యామ్ ఎ మోర్ కేర్‌ఫుల్ ప్రోగ్రామర్ దేన్ ఐ వాజ్ ఎ ఇయర్ అగో. మై కోడ్ హాజ్ ఫ్యూయర్ బగ్స్ బికాజ్ ఐ నౌ రైట్ టెస్ట్స్ ఫస్ట్.’ ఇందులో ఎవరినీ తగ్గించలేదు, మిమ్మల్ని మీరూ తగ్గించుకోలేదు. ఎందులో మెరుగయ్యారో, ఎలా మెరుగయ్యారో చెప్పారు. ‘ఇన్ వాట్ వే?’ అని అడిగే అవకాశమే ఇవ్వలేదు. అయితే అది నిజమై ఉండాలి సుమా. తర్వాతి ప్రశ్న ఆ టెస్టుల మీదే వస్తుంది.

ఆరోజు ప్యానెల్‌కు నేను చెప్పాల్సిన జవాబు తర్వాత చాన్నాళ్లకు నోటికొచ్చింది. ‘అవర్ సిస్టమ్ కాస్ట్స్ హాఫ్ యాజ్ మచ్ యాజ్ దోజ్ ఇన్ ద మార్కెట్, అండ్ ఇట్ యూజెస్ ఫ్యూయర్ పార్ట్స్, సో ఇట్ ఈజ్ ఈజియర్ టు రిపేర్.’ ఒక్క వాక్యం. ఇందులో బెటర్ అనే మాటే లేదు. అయినా ఏది, దేనికంటే, ఎందులో మెరుగో మొత్తం ఉంది.

మీ ప్రాజెక్టు గురించి అలాంటి వాక్యం ఒకటి ఈరోజే రాసుకోండి. దేన్‌కు, యాజ్‌కు అటూ ఇటూ ఏముందో చూసుకోండి. పదిసార్లు పైకి చదవండి. నాకు ఇంటర్వ్యూ అయిపోయాక దొరికింది, మీ దగ్గర ముందే ఉండనివ్వండి.